హెడ్ కోచ్‌ని చూసి చేరు, కాలేజీ పేరు చూసి కాదు

చి. కార్తీక్‌కి మామయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఒక పెద్ద యూనివర్సిటీ, అక్కడ మ్యాచ్‌ల వీడియోలు కట్ చేసే వీడియో రూమ్ పని, జీతం లేదు. కింది స్థాయి డివిజన్ త్రీలో, ఎవరూ పేరు వినని కాలేజీలో అసిస్టెంట్ కోచ్ పని, అంతంత మాత్రం జీతం. ఏది ఒప్పుకోవాలన్నది నీ ప్రశ్న. ఈలోపు విజయవాడ నుంచి మీ అమ్మ ఫోన్ చేసింది. "ఎమ్మెస్ చదివి బంతులు ఏరతానంటున్నాడు, నువ్వైనా చెప్పన్నయ్యా" అంది. సంబంధాలు చూసేవాళ్లు అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే ఏం చెప్పాలన్నది దాని టెన్షన్. దానికి నేను సర్దిచెప్తాలే. నీకు మాత్రం చెప్పాల్సింది చాలా ఉంది.

ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకో. జీతం చెక్కు మీద కాలేజీ పేరే ఉంటుంది గానీ, అసిస్టెంట్‌కి ఉద్యోగం ఇచ్చేది హెడ్ కోచ్. సీజన్ ముగిసే మార్చిలో ఆయన్ని పంపేస్తే ఆయన వెనకాలే మీరందరూ పెట్టెలు సర్దుకుంటారు. కొత్తగా వచ్చేవాడు తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. నువ్వెంత బాగా పనిచేశావన్నది అక్కడ ఎవరికీ పట్టదు. అందుకే కాలేజీ జిమ్ ఎంత పెద్దది, టీవీలో ఎన్ని మ్యాచ్‌లు వస్తాయి అన్నవి తర్వాత చూడు. ఆ హెడ్ కోచ్‌కి కాంట్రాక్టు ఇంకా ఎన్నేళ్లుంది? గత మూడు సీజన్లలో గెలుపోటములు ఎలా ఉన్నాయి? ఆయన్ని తెచ్చిన అథ్లెటిక్ డైరెక్టర్, అంటే కాలేజీ ఆటల విభాగం పెద్ద, ఇంకా ఉన్నాడా, మారాడా? స్టేట్ యూనివర్సిటీ అయితే కోచ్ కాంట్రాక్టు దాచేది కాదు, అక్కడి పేపర్లలో వివరాలు వచ్చే ఉంటాయి. వెతుకు. అన్నిటికంటే ముఖ్యం, ఆయన దగ్గర పనిచేసిన పాత అసిస్టెంట్లు ఇప్పుడెక్కడున్నారు? నలుగురైదుగురు హెడ్ కోచ్‌లు అయ్యారంటే ఆయన తన వాళ్ల కోసం ఫోన్ ఎత్తుతాడని అర్థం. ఒక్కడూ ఎదగలేదంటే ఎందుకో కనుక్కో.

నువ్వు బ్రాడ్ స్టీవెన్స్ పేరు రాశావు. ఈ దారిలోకి వచ్చే ప్రతి కుర్రాడూ ఆ పేరే చెప్తాడు. 2000లో ఎలై లిల్లీ మందుల కంపెనీలో మంచి ఉద్యోగం వదిలేసి బట్లర్ యూనివర్సిటీలో వాలంటీర్‌గా చేరాడు, 2007లో ముప్ఫయ్యేళ్లకే హెడ్ కోచ్ అయ్యాడు, 2010లో, 2011లో వరసగా జట్టుని జాతీయ టోర్నమెంట్ ఫైనల్‌కి తీసుకెళ్లాడు. అంతా నిజమే. కానీ మధ్యలో జరిగింది ఎవరూ చెప్పరు. ఆయన్ని చేర్చుకున్న హెడ్ కోచ్ థాడ్ మట్టా 2001లో ఇంకా పెద్ద అవకాశం వచ్చి జేవియర్ యూనివర్సిటీకి వెళ్లాడు. బట్లర్ వాళ్లు బయటి మనిషిని తేకుండా అసిస్టెంట్ టాడ్ లిక్‌లైటర్‌కే ఇచ్చారు. ఆయన స్టీవెన్స్‌ని పూర్తి స్థాయి అసిస్టెంట్‌ని చేశాడు. 2007లో లిక్‌లైటర్ అయోవా యూనివర్సిటీకి వెళ్లాడు, మళ్లీ లోపలి మనిషి స్టీవెన్స్‌కే ఇచ్చారు. అంటే రెండుసార్లూ పైవాడు గెంటించుకుని కాదు, గెలిచి వెళ్లాడు. రెండుసార్లూ కాలేజీ ఇంట్లోవాళ్లనే చూసుకుంది. స్టీవెన్స్ తెలివి తక్కువదని కాదు. అదే తెలివి ఉండి, తప్పు మనిషి కింద చేరి, నాలుగేళ్లలో మూడు ఊళ్లు మారి, చివరికి ఇన్సూరెన్స్ అమ్ముకుంటున్నవాళ్లని నేను చూశాను.

నన్నడిగితే నువ్వు చదవాల్సింది టామీ లాయిడ్ కథ. స్పోకేన్‌లోని గొంజాగా యూనివర్సిటీలో హెడ్ కోచ్ మార్క్ ఫ్యూ కింద ఇరవై ఏళ్లు అసిస్టెంట్‌గానే ఉన్నాడు. స్పోకేన్ ఏమంత పెద్ద నగరం కాదు. అమెరికా కుర్రాళ్ల కోసం పెద్ద యూనివర్సిటీలు కొట్టుకుంటుంటే, ఈయన బయటి దేశాల మీద పడ్డాడు. లిథువేనియా సబోనిస్, జపాన్ హచిమురా అలా వచ్చినవాళ్లే. 2021లో అరిజోనా యూనివర్సిటీ పిలిచి హెడ్ కోచ్‌ని చేస్తే మొదటి సీజన్‌లోనే 33 మ్యాచ్‌లు గెలిచాడు. అసిస్టెంట్ పని ఎప్పుడు దాటేద్దామా అని చూడాల్సిన మెట్టు కాదని ఆయన్ని చూస్తే తెలుస్తుంది. అది దానికదే ఒక వృత్తి. నేను ఒక్కరోజూ హెడ్ కోచ్ కుర్చీలో కూర్చోలేదు, దానికి ఎప్పుడూ బాధపడలేదు కూడా.

నీ బలం ఆట డేటా విశ్లేషణ అని రాశావు. మంచిదే, కానీ ఆ పని వచ్చినవాళ్లు ఇప్పుడు అడుగడుగునా ఉన్నారు. కోచ్‌కి కావలసింది నీ లెక్కలు కాదు, ఆ లెక్కలు చూసి నువ్వు ఏం తీసేశావన్నది. స్కౌట్, అంటే ప్రత్యర్థి ఆటని ముందే చదివి పెట్టుకోవడం, ఎలా చేస్తామో చెప్తాను విను. ప్రత్యర్థుల్ని అసిస్టెంట్లు తలా కొందరు పంచుకుంటారు. నీ వంతు జట్టు ఆడిన చివరి నాలుగైదు మ్యాచ్‌లు సినర్జీ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో తెరుస్తావు. ప్రతి సెట్ ప్లేనీ, అంటే ముందే అనుకుని ఆడే ఎత్తుగడని, విడిగా కట్ చేస్తావు. ఆట నడిపించే పాయింట్ గార్డ్ పిడికిలి ఎత్తితే ఏం ఆడతారు, రెండు వేళ్లు చూపిస్తే ఏం ఆడతారు, సౌండ్ పెంచి వాళ్ల కోచ్ అరుపులు వింటూ రాసుకుంటావు. టైమ్ అవుట్ తర్వాత మొదటి ప్లే ఏమిటి, బుట్ట వెనకున్న బేస్‌లైన్ గీత నుంచి బంతి లోపలికి ఎలా వేస్తారు అన్నవి వేరే రాయాలి, దగ్గరి మ్యాచ్‌లు అక్కడే పోతాయి. ఆటగాడికి రెండు లైన్లు చాలు: "ఎడమ చేత్తోనే వెళ్తాడు. కుడికి తోలితే షాట్ తీయడు, పాస్ ఇస్తాడు." తర్వాత బెంచి కుర్రాళ్లకి ఆ ప్లేలు నేర్పి, మన జట్టు మీద ఆడించాలి. బయటి ఊరి మ్యాచ్ అయితే హోటల్ హాల్లో కుర్చీలు పక్కకి జరిపి, కార్పెట్ మీద టేప్‌తో గీతలు వేసి, సాక్సులతోనే నడిపించి చూపిస్తాం. ఆ టేప్ తెచ్చేది కూడా నువ్వే. ముప్ఫై పేజీలు రాసిచ్చినవాణ్ణి కోచ్ మెచ్చుకుంటాడు, ఒక్క పేజీ రాసిచ్చినవాణ్ణి ఉంచుకుంటాడు. సీజన్ చివరి టోర్నమెంట్లో ఇంకా కష్టం. గురువారం మ్యాచ్ ఆడుతుండగానే శనివారం ఎదురయ్యే అవకాశమున్న రెండు జట్లకీ స్కౌట్ సిద్ధం కావాలి. అందులో ఒకటి ఎలాగూ చెత్తబుట్టలోకే.

ఇక దీనికంటే కష్టమైన పని ఒకటుంది, ఎక్కడా నేర్పరు. బెంచ్ మీద కూర్చోబెట్టిన కుర్రాడు హెడ్ కోచ్ దగ్గరికి వెళ్లడు, నీ దగ్గరికే వస్తాడు. "నన్నెందుకు ఆడించట్లేదు?" అంటాడు. ఒక్కోసారి వాడి మాటే నిజమనిపిస్తుంది కూడా. అయినా "నా చేతుల్లో ఉంటే నిన్నే ఆడిస్తాను" అన్న మాట నీ నోట రాకూడదు. ఆ మాట సాయంత్రంలోగా లాకర్ రూమ్ మొత్తం తిరిగి కోచ్ చెవిన పడుతుంది. వాడికి ఏం మెరుగుపడాలో చెప్పు, ప్రాక్టీసయ్యాక వాడితో పాటు ఉండి షాట్లు వేయించు. కోచ్‌తో నీ అభిప్రాయ భేదం ఆయన గది తలుపు వేశాక, ఒక్కసారి, గట్టిగా చెప్పు. తలుపు తీశాక అది మీ ఇద్దరి నిర్ణయం.

రిక్రూటింగ్, అంటే ఆటగాళ్లని వెతికి తెచ్చుకోవడం గురించి ఎక్కువ రాయను, మొదట్లో నిన్ను దాని దగ్గరికి రానివ్వరు. 2018లో కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, 2021లో ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకునే వీలు వచ్చింది, 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా డబ్బు పంచుతున్నాయి. దాంతో జట్టు ఏటా సగానికి సగం మారిపోతోంది. ఇప్పుడు చట్టబద్ధంగా ఇచ్చే డబ్బుండగా దొంగదారి ఎందుకని నువ్వనొచ్చు. అయినా 2017 సెప్టెంబరులో ఎఫ్‌బీఐ లంచాల కేసులో నలుగురు అసిస్టెంట్ కోచ్‌లని అరెస్టు చేసిందని మర్చిపోకు. హెడ్ కోచ్‌లని కాదు, అసిస్టెంట్లని. చెయ్యి చాపమని ఎవడైనా అడిగితే ఆ రోజే కాలేజీలో నియమాలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకి రాసి పడేయి.

జీతాల సంగతి. పెద్ద కాన్ఫరెన్సుల్లో, అంటే పెద్ద కాలేజీల లీగుల్లో, అసిస్టెంట్లు లక్షల డాలర్లు తీసుకుంటారు, కింద నువ్వు వ్యాన్ నడపాలి, జెర్సీలు ఉతకాలి, పగలు అడ్మిషన్స్ ఆఫీసులో కూర్చోవాలి. 1991లో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒక రూలు పెట్టింది, జట్టులో చివరి కోచ్‌కి ఏడాదికి 16,000 డాలర్లు దాటకూడదని. కోచ్‌లు కోర్టుకెక్కారు, అది చెల్లదని తీర్పొచ్చింది, 1999లో 5.45 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. ఈ వృత్తిలో కింది మెట్టు మీదున్నవాడి శ్రమ చవగ్గా కొట్టేయాలన్న ఆలోచన కొత్తదేం కాదు, నీకు వచ్చిన మొదటి ఆఫర్ కూడా ఆ తానులో ముక్కే.

నీకు వీసా గొడవ ఒకటి. మే నుంచి నీ ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ పనిచేసే అనుమతి, మొదలైతే పన్నెండు నెలలే. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ) కోర్సు కాదు కాబట్టి పొడిగింపు రాదు. పని లేకుండా మొత్తం 90 రోజులు దాటకూడదు. జీతం లేని పని కూడా వారానికి కనీసం 20 గంటలుండి, నీ చదువుకి సంబంధించినదైతే లెక్కలోకి వస్తుంది, కాబట్టి ఓపీటీ పోతుందని భయపడకు. కానీ ఏడాది తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసా వేసేది ఎవరు? యూనివర్సిటీలకీ కాలేజీలకీ లాటరీ ఉండదు, అది నీకు అనుకూలం. అయితే జీతమే ఇవ్వనివాళ్లు వీసా వేస్తారని ఆశ పెట్టుకోకు. అసిస్టెంట్ కోచ్ పనికి వీసా ఒప్పించడం తేలిక కూడా కాదు, ఇంటర్నేషనల్ ఆఫీసుతో, ఒక లాయర్‌తో ఇప్పుడే మాట్లాడు. అన్నట్టు, విదేశీ ఆటగాళ్లు ప్రతి జట్టులోనూ పెరుగుతున్నారు. ఐ-20 కాగితాలు, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నందువల్ల ప్రకటనల డబ్బు తీసుకోవడంలో వచ్చే చిక్కులు, మొదటి చలికాలం బెంగ, ఇవన్నీ అమెరికన్ కోచ్‌కి తెలియవు, నీకు అనుభవం. ఇంటర్వ్యూలో డేటా కంటే ముందు అది చెప్పు.

నా మొగ్గు డివిజన్ త్రీ వైపే. 2023 నుంచి డివిజన్ వన్‌లో అసిస్టెంట్లు ముగ్గురి నుంచి ఐదుగురు అయ్యారు, నిజమే, కానీ ఆ ఐదుగురిలో నువ్వుండవు. నీ చోటు ల్యాప్‌టాప్ ముందే. చిన్న కాలేజీలో మొదటి వారమే కోర్టు మీద ఉంటావు, స్కౌట్ నీదే, తిట్లూ నీవే. అయితే ఆ హెడ్ కోచ్ ఎలాంటివాడో తెలియకుండా ఖాయంగా చెప్పలేను. ఆయన పాత అసిస్టెంట్లు ఇద్దరికి ఫోన్ చెయ్యి, ఓడిన రాత్రి ఆయన బస్సులో ఎలా ఉంటాడో అడుగు. రెండు కాలేజీల కోచ్‌ల పేర్లు, కాంట్రాక్టు వివరాలు నాకు పంపు. శుక్రవారం దాకా ఎవరికీ అవునని చెప్పకు.

ఇట్లు,
మీ మామయ్య