బీటా జన్యువులో తప్పు లేకపోతే పైకి చూడు

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. ఇకపై తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని వంశపారంపర్య రక్త జబ్బు) రిపోర్టులు నువ్వే చూస్తావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మామూలు కేసులు నీకు వారంలో అలవాటైపోతాయి. ఒక్క రకం గురించి మాత్రం ముందే చెప్పాలి. ఎర్ర కణాలు చిన్నగా, పాలిపోయి ఉంటాయి. ఐరన్ సరిపడా ఉంటుంది. హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువు మొత్తం చదివినా ఒక్క అక్షరం తేడా కనపడదు. అక్కడ "నార్మల్" అని రాసి ఫైలు మూసేయకు.

11వ క్రోమోజోమ్ మీద ఎప్సిలాన్, రెండు గామాలు, డెల్టా, చివర్న బీటా గ్లోబిన్ జన్యువులు వరసగా ఉంటాయని చదువుకున్నావుగా. వాటన్నిటికీ ఎగువన, బీటాకు సుమారు 50 వేల అక్షరాల అవతల, ఏ ప్రోటీనూ తయారుచేయని ముక్క ఒకటుంది. లోకస్ కంట్రోల్ రీజియన్, మన వాడుకలో ఎల్‌సీఆర్. పెత్తనమంతా దానిదే. గాటా1, టాల్1 లాంటి ప్రోటీన్లు దానిమీద చేరతాయి, ఎల్‌డీబీ1 అనే మరో ప్రోటీన్ దాన్ని తెచ్చి జన్యువు ప్రమోటర్‌కు, అంటే జన్యువు పని మొదలయ్యే చోటుకు, ఆనిస్తుంది, మధ్యలోని డీఎన్‌ఏ అంతా ఉచ్చులా పక్కకు పోతుంది. కడుపులో బిడ్డకు ఈ ఉచ్చు గామా దగ్గర పడుతుంది, పుట్టాక బీటాకు మారుతుంది.

ఆ ముక్క లేకపోతే ఏమవుతుందో 1987లో ఎలుకల్లో తేలింది. మనిషి బీటా జన్యువును ఒంటరిగా పెడితే అంతంతమాత్రంగా పనిచేసింది, అదీ అది పడిన చోటును బట్టి. ఎల్‌సీఆర్ భాగాలు జతచేస్తే ఎక్కడ పడినా దండిగా పనిచేసింది. మనుషుల్లోనూ అంతే. హిస్పానిక్ డిలీషన్ అనే రకంలో సుమారు 35 వేల అక్షరాలు, ఎల్‌సీఆర్‌లో చాలా భాగంతో సహా, ఎగిరిపోతాయి. జన్యువులన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి, కానీ ఆ క్రోమోజోమ్ మీద ఒక్కటీ పనిచేయదు.

ఇలాంటి వాళ్లను పట్టుకోవడం కాస్త తిరకాసే. మామూలు బీటా క్యారియర్‌లో (ఒక ప్రతిలో మాత్రమే తప్పు ఉన్నవాళ్లలో) హెచ్‌బీఏ2, అంటే డెల్టాతో తయారయ్యే హిమోగ్లోబిన్, సాధారణంగా 3.5 శాతం దాటుతుంది. వీళ్లలో అదే క్రోమోజోమ్ మీది డెల్టా కూడా మూగబోతుంది కాబట్టి ఏ2 మామూలుగానే ఉంటుంది, ఆల్ఫా తలసీమియా అనుకుని వదిలేస్తారు. అందుకే తల్లిని అడుగు: పుట్టగానే బిడ్డ పాలిపోయి ఉన్నాడా, రక్తం ఎక్కించారా, కొన్ని నెలలకు తనంతట తానే కుదురుకున్నాడా? మామూలు బీటా తలసీమియాలో పుట్టినప్పుడు గామా ఆదుకుంటుంది. ఇక్కడ గామా కూడా పడిపోతుంది కదా. ఎంత ఖరీదైన పరీక్షా ఈ ఒక్క ప్రశ్న ముందు దిగదుడుపే, నన్నడిగితే.

సీక్వెన్సింగ్ మీద ఆశ పెట్టుకోకు. రెండో క్రోమోజోమ్ మీది మంచి ప్రతినే అది చదివి చూపిస్తుంది, పోయినదాని జాడ దొరకదు. ప్రతుల సంఖ్య లెక్కించే ఎంఎల్‌పీఏ చెయ్యి. కిట్‌లో ఎల్‌సీఆర్ మీద ప్రోబ్‌లు (ఆ చోటును గుర్తించే డీఎన్‌ఏ ముక్కలు) ఉన్నాయో లేదో ముందు కాగితం చూసుకో. బీటా మీద మాత్రమే ఉంటే దండగ.

రిపోర్టులో "తలసీమియా లేదు" అనొద్దు. "బీటా జన్యువులో మార్పు కనపడలేదు, ఎగువ భాగం చూడాలి" అని రాయి. పెళ్లి కుదిరిన వాళ్లయితే మరీ జాగ్రత్త, అవతలి వాళ్లు బీటా క్యారియర్ అయితే పిల్లలకు తీవ్రమైన జబ్బు రావచ్చు. అలాంటి రిపోర్టు మీద సంతకం చేసేముందు నాకో ఫోన్ చెయ్యి.

ఉంటాను,
మావయ్య