ఆవిడ అన్నది మీ జీన్స్ గురించి కాదు

ప్రశ్న: నా వయసు 56. కాలేజీ రోజుల నుంచీ జీన్స్, రౌండ్ నెక్ టీషర్ట్, కాన్వాస్ బూట్లు, ఇదే నా పద్ధతి. మా అమ్మాయి ‘నాన్నా, మీరు నా ఫ్రెండ్స్‌లో ఒకరిలా ఉంటారు’ అంటుంది. ఆమెకు సంబంధం కుదిరింది, వచ్చే నెల నిశ్చితార్థం. మొన్న మూడు టీషర్టులు కొనుక్కుంటే నా భార్య ‘మీకేం, మీరెప్పుడూ కుర్రాడే’ అంది. ఈ మధ్య నాతో బయటికి రావడం కూడా మానేసింది. తను ఇంటి పనుల్లో తలమునకలుగా ఉంటుంది. 82 ఏళ్ల మా అమ్మ మందులు, ఆసుపత్రి తనే చూసుకుంటుంది. వియ్యాలవారితో మాట్లాడేదీ తనే. నాకు ఆ ఫార్మాలిటీలు పడవు. ఈ వయసులో నలుగురి కోసం నా స్టైల్ మార్చుకోవాలా? ఇది నా వ్యక్తిత్వం కదా?

జవాబు: మార్చుకోనక్కర్లేదు. జీన్స్‌కి వయోపరిమితి లేదు. 1873లో అమెరికాలో రివెట్లు కొట్టిన ప్యాంటుకు పేటెంట్ ఇచ్చినప్పుడు దాన్ని వేసుకున్నది ఒళ్లు వంచి కష్టపడే కూలీలు. కుర్రకారు దుస్తులన్న ముద్ర దానికి 1950ల నుంచే పడింది. టీషర్టు కూడా మొదట్లో చొక్కా లోపల తొడుక్కునే బనీనే. మీరడిగినదానికి జవాబు ఇంతే.

ఇక మీరు అడగనిదానికి వద్దాం. ఉత్తరమంతా బట్టల గురించి రాసి, మధ్యలో కొన్ని మాటలు అలా వదిలేశారు. అమ్మ మందులు ఆవిడే చూస్తుంది. వియ్యాలవారితో ఆవిడే మాట్లాడుతుంది. మీతో బయటికి రావడం మానేసింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒకసారి చదువుకోండి. ‘మీరెప్పుడూ కుర్రాడే’ అన్నప్పుడు ఆవిడ బట్టల మాట ఎత్తలేదు. ఇంటి పెద్దరికమంతా తన ఒక్కదాని నెత్తినే పడిందని చెప్పింది. మీరు దాన్ని టీషర్టు మీద విసురుగా తీసుకున్నారు. టీషర్టు గురించైతే వాదించడం తేలిక కదా.

కూతురు మిమ్మల్ని ఫ్రెండ్ అంటోందంటే సంతోషమే. కానీ ఒక ఇంట్లో తండ్రి ఫ్రెండ్‌గా ఉండగలిగాడంటే, రాత్రి ఎన్నింటికి ఇంటికి రావాలో చెప్పి చెడ్డ అనిపించుకునే పని ఇంకొకరు చేస్తూ ఉండాలి. ఆ ఇంకొకరు ఎవరో మీకు తెలుసు. ఆవిడ మీకన్నా ముందే పెద్దదైపోయింది. మీరు కుర్రాడిగా మిగలడానికి అయిన ఖర్చు ఆవిడ కట్టింది. మీరు మూడు టీషర్టులు కొనుక్కున్నారు. ఆవిడ తన కోసం చివరిసారి ఏం కొనుక్కుందో చెప్పగలరా?

వ్యక్తిత్వం అన్నారు. జీన్స్ మీ ఇష్టం, ఒప్పుకుంటాను. కన్నతల్లి మందుల చీటీ చదవకపోవడం ఇష్టాయిష్టాల లెక్కలోకి రాదు. అత్తగారిని చూసుకోవడం కోడలి మంచితనం. తల్లిని చూసుకోవడం కొడుకు బాధ్యత. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

కాబట్టి ‘ఇకనుంచి నేనూ సాయం చేస్తాను’ అని మాత్రం ఆవిడతో అనకండి. సాయం అంటే పని ఆవిడదేనని ఒప్పుకున్నట్టే. ఏ రోజు ఏ మందు తేవాలో ఆవిడ గుర్తుపెట్టుకుని చెప్తే మీరు వెళ్లి తెచ్చారనుకోండి, బరువులో సగం కూడా తగ్గదు. గుర్తుపెట్టుకోవడమే అందులో పెద్ద పని. ఒకటో రెండో పనులు మొదలూ చివరా మొత్తం మీరే తీసుకోండి. అమ్మగారి మందులు, ఆసుపత్రి అందులో మొదటిది కావాలి.

డాక్టరు రాసిన తాజా చీటీ ముందు పెట్టుకుని ఒక కాగితం మీద పట్టీ రాయండి: మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, తిండికి ముందా తర్వాతా, దేనికోసం. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ తీసి దానితో సరిచూడండి. ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఇంట్లో ఉంటుంది, తెలియక రెండూ వేసేస్తారు. పైన పెద్దక్షరాల్లో ఉన్న పేరు కాదు, కింద చిన్నక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. ఏడు రోజుల గళ్లున్న మాత్రల డబ్బా ఒకటి కొని, వారానికోసారి ఒకే రోజున నింపండి. కొన్ని మాత్రలు స్ట్రిప్పులోంచి తీస్తే తేమ పట్టి పాడవుతాయి, అవి ఏవో మందుల షాపులో అడగండి. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఎల్ అని ఉన్న మాత్రల్ని మింగలేకపోతోందని నూరి వేయకండి. రోజంతా నెమ్మదిగా పనిచేయాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్లిపోతుంది. ఏడు రోజులకు సరిపడా మిగిలి ఉన్నప్పుడే కొత్తవి తెచ్చేయండి, ఆఖరి మాత్ర దాకా ఆగకండి.

బీపీ చూడాల్సి ఉంటే, అమ్మగారిని వీపుకు ఆనుడు పెట్టి కూర్చోబెట్టి అయిదు నిమిషాలు మాట్లాడించకుండా ఉంచండి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ ఒక పుస్తకంలో తేదీతో రాయండి. డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్లండి, ఆ పుస్తకమూ మీ చేతిలోనే ఉండాలి.

మొదటి రెండు వారాలు తడబడతారు. ప్రతి చిన్నదానికీ వంటింట్లోకి వెళ్లి ‘ఇది ఎప్పుడు వేయాలి?’ అని అడగకండి. చీటీలో ఉంది, అమ్మగారిని అడిగినా చెప్తుంది. మీ ఆవిడ వచ్చి మీ పని సరిచేయబోతే ఉడుక్కోకండి. ఇన్నేళ్లు ఒక్కతే మోసిన మనిషికి చేతులు ఒక్కసారిగా ఖాళీ కావు.

రెండోది వియ్యాలవారు. వాళ్లకు ఫోన్ చేసే ముందు మీ ఆవిడతో కూర్చుని ఇప్పటిదాకా ఏమేం మాట ఇచ్చిందో కనుక్కుని రాసుకోండి: ఎంతమంది వస్తున్నారు, ఏ ఖర్చు ఎవరిది, ఏది ఇంకా తేలలేదు. ఇది తెలుసుకోకుండా ఉత్సాహంగా ఫోన్ చేసి ఆవిడ ఒకటి చెప్తే మీరు ఇంకొకటి చెప్పారంటే, చులకనయ్యేది ఆవిడే. తర్వాత మీరే చేయండి, ‘బావగారూ, బాగున్నారా’ అని మొదలుపెట్టండి. కొత్త సంగతి ఏదైనా వస్తే అక్కడికక్కడే ఒప్పుకోకండి, ‘ఇంట్లో మాట్లాడి రేపు చెప్తాను’ అనండి, రేపు తప్పకుండా చెప్పండి. డబ్బు మాట, తేదీల మాట, ఎవరూ ఎత్తడానికి ఇష్టపడని మాటలు మీ నోటి నుంచే రావాలి. ఇన్నాళ్లూ అవి ఆవిడ నోటి నుంచి వచ్చాయి కాబట్టే ఆవిడ గట్టి మనిషిగానూ, మీరు సరదా మనిషిగానూ పేరు తెచ్చుకున్నారు.

ఆవిడతో మాట్లాడటం మాత్రం ఈ పనులకన్నా ముందే జరగాలి. ఫోన్లు పక్కన పెట్టి, పిల్లలు లేనప్పుడు, ‘నువ్వన్న మాట నాకు ఇప్పుడు అర్థమైంది, అమ్మ సంగతీ వాళ్లతో మాటలూ ఇక నావి’ అని చెప్పండి. అంతకు మించి పొడిగించకండి. ఆవిడ నమ్మకపోవచ్చు. పాత సంగతులు తవ్వి కోపంగా మాట్లాడొచ్చు. అప్పుడు మీ వైపు కారణాలు చెప్పకుండా వినండి. వారం గడవగానే ‘ఇప్పుడైనా నాతో బయటికి వస్తావా’ అని అడిగారంటే చేసిందంతా బేరంలా అయిపోతుంది. ఒక నెలైనా ఆగండి.

బట్టల దగ్గరకు మళ్లీ వద్దాం. వేసుకోండి అన్నాను కానీ పాతికేళ్లప్పుడు వేసుకున్నట్టే వేసుకోమనలేదు. శరీరం మారుతుంది, కొలతలు మారాలి. యాభై దాటాక మగవాళ్లలో పొట్ట ముందుకు వస్తుంది, పిరుదుల్లో, తొడల్లో కండ తగ్గుతుంది. అందుకే చాలామంది ప్యాంటుని పొట్ట కిందికి జార్చి, పాత నంబరే సరిపోతోందని అనుకుంటారు. నిజంగా సరిపోవడం లేదు. ముందు పొట్ట బెల్టు మీద వేలాడుతుంది, వెనక సీటు సంచిలా జారుతుంది, రోజంతా పైకి లాక్కోవడమే పని. చూసేవాళ్లకు ముసలితనం కనబడేది ఇక్కడ, జీన్స్‌లో కాదు.

టేపు తీసుకుని బొడ్డు దగ్గర ఊపిరి బిగించకుండా కొలవండి. తర్వాత పిరుదులు ఎక్కువగా ఉన్నచోట కొలవండి. ప్యాంటు మీద ఉన్న నంబరు నమ్మకండి, చాలా కంపెనీలు తక్కువ నంబరు వేసి వదులుగా కుడతాయి. ముందు రైజు చూడండి, అంటే కాళ్ల మధ్య కుట్టు నుంచి నడుము పట్టీ అంచు దాకా ఉండే పొడవు. అది 10 నుంచి 11 అంగుళాలు ఉంటే పట్టీ పొట్ట కిందికి జారకుండా నిలబడుతుంది. 9 కన్నా తక్కువ ఉన్నవి వదిలేయండి. కాలు బిగుతుగా ఉండే స్కిన్నీ రకం కూడా వద్దు, సన్నటి కాళ్ల మీద పొట్ట ఇంకా పెద్దగా కనిపిస్తుంది. స్ట్రెయిట్ లేదా కింద కొంచెం సన్నబడే రకం మీకు నప్పుతుంది. సాగే దారం ఒకటి రెండు శాతం ఉంటే కూర్చోవడానికి సుఖం. మరీ ఎక్కువుంటే నాలుగు ఉతుకుల్లో మోకాళ్లు ఉబ్బిపోతాయి. వేసుకుని కుర్చీలో కూర్చోండి, గొంతుక్కూర్చోండి. నడుము పట్టీలో రెండు వేళ్లు దూరాలి. మరీ బిగిస్తే తిన్న తర్వాత ఛాతీలో మంట వస్తుంది, కొందరికి తొడ బయటివైపు తిమ్మిరెక్కుతుంది. వెనక జేబులో లావు పర్సు పెట్టుకుని గంటలు కూర్చుంటే పిరుదు నుంచి కాలిదాకా నొప్పి లాగుతుంది, దాన్ని ముందు జేబులోకి మార్చండి.

టీషర్టుకు భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద ఉండాలి. పొట్ట దాచుకోవడానికి ఒక సైజు పెద్దది కొంటే భుజాలు జారిపోయి మనిషి కుంగినట్టు కనిపిస్తాడు. 180 నుంచి 220 జీఎస్ఎం (అంటే చదరపు మీటరు బట్ట బరువు గ్రాముల్లో) బట్టయితే ఒంటికి అతుక్కోకుండా నిలుస్తుంది. చెయ్యి పైకెత్తితే పొట్ట బయటపడకూడదు, అలాగని జిప్పు సగం దాటి కిందికి రాకూడదు. మెడ పట్టీ సాగిపోయినవి, ప్రింటు పొట్టు రాలుతున్నవి, వెలిసిన నలుపువి ఇవాళే తీసేయండి. జుట్టు నెరిశాక వెలిసిన రంగు ముఖం దగ్గర ఉంటే జబ్బుపడి లేచినట్టుంటుంది. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, మంచి తెలుపు మేలు. మెడ దగ్గర చర్మం వదులైనవాళ్లకు కాలరున్న టీషర్టు అందంగా ఉంటుంది. నినాదాలు, జోకులు రాసినవి మాత్రం నాకు నచ్చవు. 56 ఏళ్ల మనిషికి చెప్పాల్సింది ఉంటే నోటితో చెప్పాలి. ఉతికేటప్పుడు జీన్స్ తిరగేసి చన్నీళ్లలో ఉతకండి, డ్రయ్యరు వేడికి సాగే దారం చచ్చిపోతుంది. తడి టీషర్టు హ్యాంగరుకు తగిలిస్తే మెడ సాగుతుంది, నడుము దగ్గర మడిచి తీగ మీద వేయండి.

కాన్వాస్ బూట్ల విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. వయసుతో పాదం వెడల్పవుతుంది, మడమ కింది మెత్తదనం తగ్గుతుంది. అడుగు పలుచగా, చదునుగా ఉన్న బూటుతో రోజంతా నడిస్తే, పొద్దున్నే మొదటి అడుగు వేసేటప్పుడు మడమలో సూది గుచ్చినట్టు నొప్పి మొదలవుతుంది. సాయంత్రం పూట, నిలబడి, రెండు పాదాలూ కొలిపించుకోండి. పెద్ద పాదానికి సరిపడా కొనండి, పొడవైన వేలి ముందు ఒకటి ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ ఉండాలి. బూటు వేళ్ల మొదట్లో మాత్రమే వంగాలి, మధ్యలో మడతపడితే అది మీకు పనికిరాదు. షుగరు ఉంటే వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి.

నిశ్చితార్థానికి జీన్స్ వద్దు. అది మీ వయసు చూసి చెబుతున్న మాట కాదు, పాతికేళ్ల కుర్రాడికైనా అదే చెప్తాను. అమ్మాయి తండ్రి స్థానంలో నిలబడే రోజది, అవతలివాళ్లు మన్నన వెతుక్కుంటారు. ఇప్పటి కొలతలతో ఒక జత మూడు వారాల ముందే కుట్టించుకోండి, కాలరు గుండీ పెట్టాక మెడ దగ్గర ఒక వేలు దూరాలి. దానికి వెళ్లేటప్పుడే మీ ఆవిడనూ తీసుకెళ్లండి, ముందు ఆవిడకు కావలసినవి చూడండి. ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడి వాళ్లను లోపలికి పిలవాల్సింది మీరు. ఎన్ని గంటలకు బయల్దేరుతున్నారో, పెద్దవాళ్లెవరైనా మెట్లు ఎక్కలేనివాళ్లు ఉన్నారో ముందు రోజే బావగారికి ఫోన్ చేసి కనుక్కోండి.