పెద్ద ఇల్లా, సాయంత్రాలా?

ప్రశ్న: నా వయసు 41. ఎనిమిదేళ్లలో జీతం రెట్టింపైంది. ఇంటి అప్పు తప్ప వేరే బాకీలు లేవు. మూడు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన ఉంది. అయినా అప్పటికంటే ఇప్పుడు సంతోషంగా ఉన్నామా అంటే అవునని చెప్పలేను. ఏ వస్తువు కొన్నా నెల తిరక్కుండానే దాని మీద మోజు తీరిపోతోంది. పాపతో సాయంత్రం నడకకు వెళ్లినప్పుడో, మొక్కలకు నీళ్లు పోస్తున్నప్పుడో మాత్రం మనసు తేలికపడుతుంది. పెద్ద ఇంటికి మారాలని నేనూ నా భార్యా అనుకుంటున్నాం. దానివల్ల ఆఫీసుకు వెళ్లడానికి 25 నిమిషాలు, రావడానికి 25 నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ ఇల్లు తీసుకోవచ్చా? లేక ఖర్చులన్నీ తగ్గించుకుని సాదాసీదాగా బతకడం మేలా?

జవాబు: ఆ ఇల్లు ఇప్పుడు తీసుకోవద్దు. అలాగని ఖర్చులన్నింటి మీదా కత్తెర వేయనూ వద్దు. మీ ఉత్తరంలో మీ మనసును తేలికపరిచేవి రెండు చెప్పారు: పాపతో నడక, మొక్కలు. రెండింటికీ పెద్దగా డబ్బు అక్కర్లేదు. కావలసింది సాయంత్రం పూట ఖాళీ సమయం, ఆ సమయంలో బాకీల గురించి ఆలోచించాల్సిన అవసరం లేని మనసు. మీరు చూస్తున్న ఇల్లు సరిగ్గా ఈ రెండింటినీ తీసుకుపోతుంది. అందుకే ముందు దాని లెక్క తేల్చుకుందాం.

సులువుగా ఉండేందుకు నెలకు మీ చేతికొచ్చే ఆదాయాన్ని 100 వంతులు అనుకుందాం. మీరు పంపిన వివరాల ప్రకారం ఇప్పుడు ఈఎంఐకి 24, ఇల్లు గడవడానికి 44, సరదాలకూ కొనుగోళ్లకూ 12 పోగా పొదుపుకు 20 మిగులుతోంది. కొత్త ఇంటి ఈఎంఐ 38. పెరిగే 14 వంతులను పొదుపులోంచి సర్దుకుంటామని రాశారు. అప్పుడు పొదుపు 6కి పడిపోతుంది.

దీన్ని నెలల్లోకి మార్చి చూడండి. ఇప్పుడు మీ నెల ఖర్చు 80, పొదుపు 20. నాలుగు నెలలు పనిచేస్తే ఒక నెల జీతం రాకపోయినా ఇల్లు గడిచేంత డబ్బు వెనకేయగలరు. కొత్త ఇంట్లో ఖర్చు 94, పొదుపు 6. అదే ఒక్క నెల భరోసా కూడబెట్టడానికి దాదాపు 16 నెలలు పడుతుంది. అత్యవసర నిధి సంగతీ అంతే. ఆరు నెలల ఖర్చుకు సరిపడా ఉండాలి, మీ దగ్గర మూడు నెలలకు ఉంది. ఇప్పటి వేగంతో మిగిలింది 12 నెలల్లో పూర్తవుతుంది. ఇల్లు మారితే ఖర్చు పెరుగుతుంది కాబట్టి లక్ష్యమూ పెరుగుతుంది, వేగం తగ్గుతుంది, 54 నెలలు పడుతుంది. ఇది కూడా డౌన్ పేమెంటుకు ఆ నిధిని ముట్టుకోకుండా ఉంటేనే. పెద్ద ఇంటికయ్యే కరెంటు, మరమ్మతులు, సామాను ఖర్చు నేనింకా కలపలేదు.

ఇక సమయం. రోజుకు 50 నిమిషాలు, నెలకు 22 పనిదినాలు అనుకుంటే 18 గంటల పైమాటే. ఏడాదికి 220 గంటలు. అవి ఉద్యోగంలోంచి తగ్గవు, నిద్రలోంచి కొంత, పాపతో నడకలోంచి కొంత పోతాయి. జర్మనీలో వేలమందిని ఏళ్ల తరబడి అడిగి సేకరించిన వివరాలతో ఆర్థికవేత్తలు స్టట్జర్, ఫ్రే 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రయాణ సమయం ఎక్కువున్నవాళ్లు తమ జీవితంతో తక్కువ సంతృప్తిగా ఉన్నారనీ, మంచి జీతమో మంచి ఇల్లో ఆ లోటును పూర్తిగా పూడ్చలేదనీ అందులో తేలింది. కారణం ఊహించలేనిదేం కాదు. ఇల్లు రోజూ ఒకేలా ఉంటుంది కాబట్టి కళ్లు దానికి త్వరగా అలవాటు పడతాయి. అదనపు గది మూడు నెలల తర్వాత మామూలు గదే. రోడ్డు మీద ట్రాఫిక్ మాత్రం ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండదు. దానికి అలవాటు పడటం కష్టం. కొన్న వస్తువుల మీద మోజు తీరిపోతోందని మీరు రాసింది కూడా ఇదే కారణంతో. మీలో లోపమేమీ లేదు.

డబ్బుతో సంతోషం రాదని మాత్రం నేను చెప్పను. అది నిజం కాదు. 2010లో మనస్తత్వవేత్త కానెమన్, ఆర్థికవేత్త డీటన్ ఒక స్థాయి దాటాక రోజువారీ సంతోషం ఆదాయంతోపాటు పెరగదన్నారు. 2021లో పరిశోధకుడు కిలింగ్స్‌వర్త్ సేకరించిన సమాచారంలో పెరుగుతూనే ఉన్నట్టు కనిపించింది. 2023లో కానెమన్, కిలింగ్స్‌వర్త్ కలిసి మళ్లీ పరిశీలించి, ఎక్కువమందికి పెరుగుతూనే ఉంటుందనీ, బాగా దిగులుగా ఉండే కొద్దిమందికి మాత్రం ఒక స్థాయి తర్వాత ఆగిపోతుందనీ తేల్చారు. మీరు గమనించాల్సింది ఆ పెరుగుదల తీరు. ఆదాయం 100 నుంచి 200 అయితే ఒక మెట్టు. తర్వాతి మెట్టు ఎక్కాలంటే 300 చాలదు, 400 కావాలి. మీ జీతం రెట్టింపు కావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఇంకో మెట్టుకు ఇంకో రెట్టింపు. ఈలోగా చేతిలో ఉన్న గంటలతో అంతకంటే తొందరగా, అంతకంటే తక్కువ ఖర్చుతో చేయగలిగింది చాలా ఉంది.

దానికి ముందు మీ రోజు ఎక్కడికి పోతోందో కాగితం మీద కనబడాలి. 2004లో కానెమన్ బృందం టెక్సస్‌లో 909 మంది ఉద్యోగినులతో వాడిన పద్ధతి ఇంట్లోనూ పనికొస్తుంది. ఉదయం లేచాక నిన్నటి రోజును ముక్కలుగా రాయండి. ఒక్కో ముక్క పావుగంట నుంచి రెండు గంటల దాకా ఉండొచ్చు. ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏం చేశారు, పక్కన ఎవరున్నారు, ఎలా అనిపించింది అన్నవి రాసి, 0 నుంచి 6 దాకా మార్కు వేయండి. చివర్లో ఆ ముక్కకు ఎంత ఖర్చైందో రాయండి. ఆ అధ్యయనంలో ఆత్మీయులతో గడిపిన సమయానికి పెద్ద మార్కులు పడ్డాయి, ఆఫీసు ప్రయాణం అట్టడుగున ఉండిపోయింది. మీ జాబితా వేరేలా రావచ్చు. మీరు నమ్మాల్సింది మీ జాబితానే.

ఇలా 14 రోజులు రాయండి, అందులో రెండు వారాంతాలూ ఉండాలి. ఆదివారాలే రాస్తే విశ్రాంతికి పడ్డ మార్కులు చూసి ఉద్యోగమే తప్పనిపిస్తుంది. పనిరోజులే రాస్తే అసలు సంతోషమే లేదనిపిస్తుంది. రాత్రి పడుకునే ముందు రాసినా తేడా వస్తుంది, ఎందుకంటే అలసట రోజంతటికీ తక్కువ మార్కులు వేయిస్తుంది. ఇక అందరూ చేసే పొరపాటు: భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని రాయడం. ఒకరి మార్కు చూసి ఇంకొకరు సర్దుకుంటారు. విడివిడిగా రాసి, రెండు వారాలయ్యాకే కలిపి చూడండి.

తర్వాత 5, 6 మార్కులు పడ్డ గంటలన్నీ కూడండి. ప్రతిదాని పక్కనా అది జరగడానికి ఏం కావలసి వచ్చిందో ఒక్క మాటలో రాయండి: సమయం, ఓపిక, మనిషి, డబ్బు. డబ్బు అని రాయాల్సిన వరుసలు ఎన్ని వస్తాయో చూడండి. ఆ వరుసల మీద ఖర్చు పెట్టడానికి సంకోచించకండి, ఆ ఖర్చు మీకు పనికొస్తోంది. మిగతావాటికి కావలసింది వేరే.

గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, క్రెడిట్ కార్డు బిల్లు కూడా ముందు పెట్టుకోండి. కొని 30 రోజులు దాటిన వస్తువుల దగ్గరే ఆగండి. నిన్న కొన్నదానికి కొత్తదనం మార్కు వేయిస్తుంది. నెల దాటినదాన్ని ఈ వారం ఎన్నిసార్లు వాడారో అడిగితే అసలు విలువ బయటపడుతుంది.

ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. పొదుపు చేద్దామనుకోగానే చిన్న ఖర్చులు కోసేస్తారు: పాప బొమ్మల పుస్తకం, మొక్కల కుండీ, స్నేహితుణ్ని కలవడానికి అయ్యే ఛార్జీలు. వాటిని ఆపడం సులువు, ఒక్క రోజులో ఆపేయొచ్చు. ఈఎంఐని ఆపలేరు. దాంతో 5 మార్కులు తెచ్చేవి పోయి, అలవాటైపోయి కనిపించకుండా ఉన్న పెద్ద ఖర్చులు అలాగే ఉంటాయి. ఆర్నెల్లు గడిచేసరికి విసుగొచ్చి ఒక్కసారే భారీగా ఏదో ఒకటి కొనేస్తారు. సాదాసీదాగా బతకడం మేలా అని అడిగారు కదా, నా మాట ఇది: పెద్ద నిర్ణయాల్లో సాదాగా ఉండండి. ఇల్లు, వాహనం, అప్పు, ఈ మూడూ అదుపులో ఉంటే చిన్నవాటి దగ్గర ప్రతి పైసా లెక్క చూసుకునే అవసరం రాదు.

సంతోషాన్ని ఇచ్చేవాటిని కొనుగోళ్లుగా మార్చడం ఇంకో ప్రమాదం. నడక బాగుందని ఖరీదైన గడియారం, మొక్కలు బాగున్నాయని పెద్ద సెట్టు సామాను కొంటారు. అప్పుడు అడుగులు లెక్కపెట్టడం మొదలవుతుంది, పాపతో మాటలు తగ్గుతాయి. ఒక పనిని మూడు నెలలు ఉన్న సామానుతోనే చేసి, ఏ వస్తువు లేక పని ఆగిందో తెలిశాక అదొక్కటే కొనండి.

సరదాలకని ఉన్న 12 వంతుల్లోంచి 3 తీసి సమయం కొనుక్కోవడానికి వాడమంటాను. మీ జాబితాలో 0, 1 మార్కులు పడి వారానికి రెండు గంటలకు మించి తినే ఇంటిపని ఏదైనా ఉంటే, దాన్ని డబ్బిచ్చి చేయించుకోండి. వస్తువు మీద పెట్టిన డబ్బుకంటే సమయం మిగిల్చుకోవడానికి పెట్టిన డబ్బు ఎక్కువ సంతోషాన్నిచ్చిందని 2017లో పరిశోధకురాలు విలన్స్ బృందం చేసిన ప్రయోగంలో కూడా తేలింది. కాకపోతే మిగిలిన ఆ రెండు గంటలూ దేనికో ముందే రాసి పెట్టుకోవాలి. లేకపోతే ఫోనూ ఆఫీసు మెయిళ్లూ వాటిని మింగేస్తాయి, డబ్బూ పోతుంది.

సాయంత్రపు నడకకూ అంతే కాపలా కావాలి. రోజూ గంటన్నర అని పెట్టుకుంటే మొదటి ఆలస్యపు మీటింగుకే తప్పుతుంది, రెండు రోజులు తప్పాక మానేస్తారు. 20 నిమిషాలు పెట్టుకోండి. వారంలో రెండు రోజులు ఎన్నింటికి ఆఫీసులోంచి లేస్తారో క్యాలెండరులో అందరికీ కనిపించేలా నమోదు చేయండి. ఫోను ఇంట్లోనే వదిలేయండి.

ఇంటి సంగతి మీ భార్యతో మాట్లాడేటప్పుడు ఆవిడ కోరికకు అడ్డం పడుతున్నట్టు ఉండకూడదు. పెద్ద ఇల్లు ఎందుకు కావాలో మూడు కారణాలు ఇద్దరూ విడిగా రాయండి. పాపకు చదువుకునే చోటు, ఎవరైనా వస్తే ఉండే గది, కాసేపు ఒంటరిగా కూర్చునే మూల, ఇలాంటివి వస్తాయి. ఇవి న్యాయమైన అవసరాలు. వీటిలో కొన్ని ఉన్న ఇంట్లో సామాను తీసేస్తే తీరతాయి, కొన్ని ఆఫీసుకు ఇదే దూరంలో ఉన్న కాస్త పెద్ద ఇంటితో తీరతాయి. ఇవేవీ కుదరక ఆ ఇల్లే కావాలనుకుంటే, తీసుకునే ముందు మూడు నెలలు పరీక్ష పెట్టుకోండి. జీతం పడ్డ రోజే 20 వంతుల పొదుపులోంచి 14 వేరే ఖాతాలోకి పంపండి. వారంలో మూడు రోజులు 25 నిమిషాలు ముందే బయల్దేరి, 25 నిమిషాలు ఆలస్యంగా ఇల్లు చేరండి. అన్ని రోజులూ ఆ రాతపుస్తకం కొనసాగించండి. పక్కన పెట్టిన డబ్బు ఎటూ పోదు, అత్యవసర నిధిలో చేరుతుంది.

మూడు నెలలూ ఆ 14ను వెనక్కి తీయకుండా గడిపి, 5, 6 మార్కుల గంటలు తగ్గకుండా ఉండి, ఆరు నెలల నిధి కూడా పూర్తయితే ఆ ఇంటికి అడ్వాన్సు ఇవ్వండి. వీటిలో ఒక్కటి కుదరకపోయినా ఇంకో ఏడాది ఆగండి.