డాక్టర్ సలహా: స్కాన్ సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు. మెదడు రక్తనాళంలో 12 మిల్లీమీటర్ల ఉబ్బు (అన్యూరిజం) ఉంటే రెండు నెలల క్రితం చెన్నైలో ఫ్లో డైవర్టర్ స్టెంట్ వేశారు. మొన్న స్కాన్ తీస్తే ఉబ్బు ఇంకా ఉందన్నారు. ఆపరేషన్ ఫెయిలైనట్టేనా? ఒంటి మీద కమిలిన మచ్చలు వస్తున్నాయి. దవడ పన్ను పీకించాలని నాలుగు రోజులుగా క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర) ఆపాం. – ఓ పాఠకుడు, కావలి

జవాబు: మీరు చివర్లో రాసిన ముక్కే నన్ను కంగారు పెట్టింది. ఆ మాత్ర ఎవరు ఆపమన్నారు? ఆస్పిరిన్ కూడా ఆపారా? స్టెంట్ వేసిన డాక్టరుకు ఈ రోజే ఫోన్ చేసి ఎన్ని డోసులు పోయాయో చెప్పండి. పోయినవాటికి బదులుగా మీ అంతట మీరే రెండేసి వేయొద్దు, ఎలా మొదలుపెట్టాలో వాళ్లే చెబుతారు.

పంట కాలువ గట్టు ఒకచోట మెత్తబడి పక్కకు గుంటలా జరిగిందనుకోండి. కాయిల్స్ (ఉబ్బులో నింపే సన్నటి లోహపు తీగ చుట్టలు) వేయడమంటే ఆ గుంటను పూడ్చడం. ఫ్లో డైవర్టర్ గుంట జోలికే పోదు, కాలువలోనే ఆ పక్కన సన్నటి తడిక కట్టినట్టు ఉంటుంది. ప్రవాహం నేరుగా సాగిపోతుంది. గుంటలో నీరు కదలక ఒండ్రు పేరుకున్నట్టు, ఉబ్బులో రక్తం మెల్లగా గడ్డకడుతుంది. తడిక మీద రక్తనాళపు పొర కూడా పెరగాలి. దీనికంతా నెలలు పడుతుంది. 2011లో అమెరికాలో ఈ పద్ధతికి అనుమతి రావడానికి ఆధారమైన అధ్యయనంలో, ఆరు నెలలకు నూటికి 70కి పైగా, ఏడాదికి 85కి పైగా ఉబ్బులు పూర్తిగా మూసుకుపోయాయి. రెండో నెలలోనే ఫెయిలంటే ఎలా?

ఆ పొర పెరిగేదాకా లోపలున్నది ఉత్త లోహం. మాత్రలు ఆపితే దాని మీద రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. మొన్న ఓపీలో గుండెకు స్టెంట్ వేయించుకున్న ఒకాయన పాలిథిన్ కవరు బల్ల మీద కుమ్మరించాడు. గ్యాస్ మాత్రలు మూడు రకాలు, నొప్పి మాత్రలు రెండు. స్టెంట్ మాత్ర మాత్రం లేదు, 'వేడి చేస్తోందని' మానేశాడట! మన జిల్లాలో ఇది రోజూ చూసే తంతు.

పన్ను సంగతి. పీకడం వాయిదా వేయగలిగితే మేలు. తప్పదంటే, చాలామందికి మాత్రలు ఆపకుండానే కుట్టు వేసి, దూదితో ఒత్తి రక్తం ఆపగలరు. ఇద్దరు డాక్టర్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, మధ్యలో మీరు నిర్ణయించొద్దు. నొప్పికని షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనకండి. పారాసిటమాల్ సాధారణంగా ఇబ్బంది పెట్టదు, లివర్ జబ్బు ఉంటే మాత్రం అడిగి వాడండి. ఒమెప్రజోల్ అనే గ్యాస్ మాత్ర క్లోపిడోగ్రెల్ బలాన్ని తగ్గిస్తుంది, ఇంట్లో ఉందేమో చూడండి.

చిన్న కమిలిన మచ్చలు ఈ మాత్రలతో మామూలే. మలం నల్లగా తారులా వచ్చినా, ముక్కు నుంచి కారే రక్తం ఆగకపోయినా వెంటనే చూపించాలి. ఎప్పుడూ ఎరగనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా, కనురెప్ప వాలినా, మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేయండి. తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.

బీపీ ఎంత ఉందో మీరు రాయలేదు, చూపించండి. మనిషిని చూడకుండా ఇంతకన్నా చెప్పలేను. ఆరో నెల ఆంజియోగ్రామ్‌కు వెళ్లేటప్పుడు స్టెంట్ కార్డు, పాత సీడీ పట్టుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.