కవచం సరే, లోపల ఉన్నది ఎవరు?

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ఫాంటసీ సినిమాల్లో యోధుల కవచాలంటే పిచ్చి, నోటుపుస్తకాల నిండా అవే గీస్తుంటాను. దీన్నే వృత్తిగా తీసుకోవచ్చా? నాన్న మాత్రం "బొమ్మలు కూడు పెడతాయా" అంటున్నారు. మూడు బొమ్మలు జత చేశాను, చూసి చెప్పండి.

జవాబు: తీసుకోవచ్చమ్మా. కానీ ఉద్యోగం సంగతి కాసేపు పక్కన పెట్టి నీ బొమ్మల గురించే మాట్లాడతాను, ఎందుకంటే అసలు జవాబు వాటిలోనే ఉంది.

గీత బాగుంది. ఉక్కు మీద వెలుగు పడ్డ తీరు చూసి నేనే రెండుసార్లు పెద్దది చేసి చూశాను. అయితే సేనాధిపతి, విలుకత్తె, కిరాయి సైనికుడు అని కింద రాశావు కాబట్టి తెలిసింది గానీ ఆ పేర్లు చెరిపేస్తే ముగ్గురూ ఒకే అచ్చులో పోసినట్టున్నారు. అదే మెరుపు, అవే ముళ్లు.

విలుకత్తెనే తీసుకో. కుడి భుజం మీద డేగ రెక్కంత కవచం పెట్టావు. ఆమె వింటి నారిని దవడ దాకా లాగాలి కదా, మోచెయ్యి పైకి లేవగానే ఆ రెక్క వెళ్లి ఆమె చెంపకే గుచ్చుకుంటుంది! నారి లాగే చేతిని తేలిగ్గా వదిలెయ్యాలి. విల్లు పట్టుకునే ఎడమ ముంజేతికి మాత్రం తోలు పట్టీ తప్పనిసరి, వదిలిన నారి వచ్చి చురుక్కుమనిపించేది అక్కడే. ఇంకోటి, ఛాతీ కవచాన్ని రెండు గిన్నెల్లా మలిచావు. సినిమాల్లో చాలామంది చేసే తప్పే ఇది. పక్కకు జారిపోవాల్సిన కత్తి మొన ఆ రెండింటి మధ్య పల్లంలోకి, నేరుగా రొమ్ము ఎముక మీదకి వస్తుంది. అంటే అది కాపాడే కవచం కాదు, దెబ్బకి దారి చూపించే కవచం.

సేనాధిపతి గుర్రం మీద ఉన్నాడు, బాగుంది. కానీ తొడల లోపలి వైపు కూడా ఉక్కు తొడిగావు, జీను మీద ఎలా కూర్చుంటాడు? 15వ శతాబ్దపు యూరప్ కవచాల ఫొటోలు చూడు. తల నుంచి పాదం దాకా మొత్తం కలిపి 20 నుంచి 25 కిలోలు, బరువు ఒళ్లంతా పంచినట్టు ఉంటుంది కాబట్టి అలవాటైన మనిషి నడిచేవాడు, గుర్రం ఎక్కేవాడు. గుర్రాల మీద ఎదురెదురుగా వచ్చి ఈటెలతో పొడుచుకునే పోటీల కవచాల్లో ఎడమ వైపు రక్షణ ఎక్కువగా ఉండేది, దెబ్బ వచ్చేది అటునుంచే కాబట్టి. మంత్రాలు, డ్రాగన్లు ఉన్న కథే అయినా ఇలాంటి కారణం ఒకటి కనబడితే ప్రేక్షకుడు మిగతాది నమ్మేస్తాడు.

ఇక కిరాయి సైనికుడు. వాడికి కొత్త కవచం ఎవరిస్తారు? ఒక చేతికి ఒకరిది, ఇంకో చేతికి ఇంకొకరిది, బహుశా చచ్చినవాళ్ల ఒంటి మీంచి తీసినవి. పాత్ర స్వభావం చెప్పే చోటు ఇదే. సొట్టలు అలాగే వదిలేశాడా, రాత్రిళ్లు కూర్చుని సరిచేసుకున్నాడా? బకిల్ తెగితే కొత్తది వేయించాడా, తాడుతో కట్టేశాడా? తండ్రి కవచం తొడుక్కున్న కుర్రాడికి భుజాల దగ్గర వదులుగా ఉండి, తోలు పట్టీకి కొత్తగా పొడిచిన రంధ్రాలు కనిపిస్తే వాడు పెద్దవాళ్ల నీడలో బతుకుతున్నాడని డైలాగ్ అక్కర్లేకుండానే తెలిసిపోతుంది. విలన్‌కి ముళ్లు పెట్టడం నా దృష్టిలో బద్ధకం. కళ్లు కనబడని హెల్మెట్ చాలు, వాడు భయపెడతాడు. హీరో హెల్మెట్ లేకుండా యుద్ధంలోకి దూకడం నిజానికి పిచ్చి పనే, కానీ కెమెరాకి ముఖం కావాలి, అక్కడ సర్దుకోక తప్పదు.

ఇప్పుడు ఉద్యోగం. కవచం ఒక్కరు చేసేది కాదు. కాన్సెప్ట్ ఆర్టిస్ట్ గీస్తాడు, కాస్ట్యూమ్ డిజైనర్ ఖాయం చేస్తారు, వర్క్‌షాప్‌లో అచ్చులు పోస్తారు, కొత్త కవచాన్ని పాతదిగా మార్చడానికే వేరే మనుషులుంటారు. దగ్గరి షాట్లకి ఒకటి, స్టంట్లకి మెత్తటి రబ్బరుతో ఇంకొకటి చేస్తారు. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సినిమాల కోసం న్యూజిలాండ్‌లోని వేటా వర్క్‌షాప్ వాళ్లు ప్లాస్టిక్ పైపుని ఉంగరాలుగా కోసి, వాటిని చేత్తో అల్లి గొలుసు కవచాలు చేశారు. మూడో భాగానికి 2004లో వచ్చిన కాస్ట్యూమ్ ఆస్కార్‌ని డిజైనర్‌తో పాటు ఆ వర్క్‌షాప్ నడిపే రిచర్డ్ టేలర్ కూడా అందుకున్నారు. ఇది నాన్నగారికి చెప్పు, కానీ ఆయన టెన్షన్‌ని కొట్టిపారెయ్యకు. సినిమా పని ప్రాజెక్టు ప్రాజెక్టుకీ మారుతుంది, మధ్యలో ఖాళీ నెలలుంటాయి. నెల జీతం కావాలంటే గేమ్ స్టూడియోలు కొంత నయం, వాళ్లకీ కావాల్సింది ఇదే నైపుణ్యం.

డిగ్రీ మానకు. పక్కనే మనిషి శరీర నిర్మాణం గీయడం, బట్టల ప్యాటర్న్ కత్తిరించడం, బ్లెండర్ లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్ ఒకటి నేర్చుకో. పోర్ట్‌ఫోలియోలో ముప్ఫై బొమ్మలు వద్దు, ఆరు చాలు. ప్రతిదాని పక్కన ఈ మనిషి ఎవరు, ఈ ముక్క ఇక్కడెందుకుంది అని నాలుగు లైన్లు రాయి. ఇంటర్వ్యూలో అడిగేది కూడా అదే.

ఈ నెల ఒక పని చెయ్యి. ఫోమ్ షీటుతో ఒక భుజకవచం కత్తిరించి, వేడి చేసి వంచి, ఒక పూటంతా తొడుక్కుని తిరుగు. తల దువ్వుకో, పై అరలోంచి ఏదైనా తియ్యి, వంగి చెప్పులు వేసుకో. ఎక్కడ గుచ్చుకుందో రాసుకుని, విలుకత్తెని మళ్లీ గీసి పంపు. కుడి భుజం ఏం చేశావో ముందు అదే చూస్తాను.