లీగల్ ఎయిడ్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్: మొదట అడగాల్సింది తేదీ

ఒంగోలులో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ రెండో సంవత్సరం చదువుతున్నానని, ఉచితంగా లాయరుని ఇచ్చే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే నిజంగా పని నేర్పుతారా, సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తారా అని మీరు అడిగారు. నేను నెల్లూరులో చదివేటప్పుడు అక్కడి సంస్థ ఆఫీసులోనే నాలుగు వారాలు చేశాను. తర్వాత కూడా చదువు అయ్యేదాకా వాలంటీరుగా వెళ్లాను. ఇప్పుడు కావలిలో ప్రాక్టీసు చేస్తున్నాను. పని చాలా ఉంటుంది. అందులో ముప్పాతిక వంతు మనిషి చెప్పేది వినడం, సంచిలోంచి తీసిన కాగితాలు వరసలో పెట్టడం.

నా రెండో వారంలో నెల్లూరు దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. అల్లుడి కోసం ప్రోనోటు మీద వేలిముద్ర వేసింది. నూటికి రెండు రూపాయల వడ్డీ. సగం దాకా తీర్చింది కానీ నోటు వెనక చెల్లు (కట్టిన డబ్బు లెక్క) రాయించుకోలేదు. అప్పిచ్చినవాళ్లు కోర్టులో దావా వేశారు. ఇదంతా గంటసేపు విని నాలుగు పేజీలు రాసుకున్నాను. బాగా రాశాననే అనుకున్నాను. సంస్థ తరఫున కేసులు చూసే ప్యానెల్ లాయరు గారు ఆ పేజీలు చూసి ఒక్కటే అడిగారు: "సమన్లు ఎప్పుడు అందాయమ్మా?" నేను అడగలేదు.

మళ్లీ కూర్చోబెట్టి అడిగితే, "కోర్టు అమీనా వచ్చి కాగితం ఇచ్చిపోయినాడు పాపా, అప్పుడు నేను ఆస్పత్రిలో నుంచి వచ్చి మంచాన ఉండాను" అంది. వాయిదాకి వెళ్లలేదు. కోర్టులో వాకబు చేస్తే ఎక్స్‌పార్టీ డిక్రీ (ఆవిడ రాలేదని ఆవిడ మాట వినకుండానే ఇచ్చిన తీర్పు) అయిపోయి అప్పటికి 24 రోజులు. దాన్ని రద్దు చేయమని పిటిషన్ వేయడానికి గడువు 30 రోజులు. అంటే చేతిలో ఆరు రోజులే ఉన్నాయి. మర్నాడే నేను ఆవిడతో ఆస్పత్రికి వెళ్లి డిశ్చార్జి కాగితం కాపీ తెచ్చాను. వాయిదాకి ఎందుకు రాలేకపోయిందో చూపించడానికి అదే ఆధారం. పిటిషన్ గడువులోపే పడింది, దావా మళ్లీ తెరిచారు. చివరికి రాజీతో కేసులు ముగించే లోక్ అదాలత్‌లో వాయిదాల మీద కట్టేలా రాజీ కుదిరింది. అక్కడి అవార్డు, అంటే రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. కాబట్టి సంతకం పెట్టే ముందు ప్రతి షరతూ ఆవిడకి రెండుసార్లు చదివి వినిపించాం.

ఆ రోజు ఆ లాయరు గారు అడగకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటాను. అందుకే చెబుతున్నాను, కథ వినండి, కానీ ముందు తేదీలు అడగండి. కాగితం ఎప్పుడొచ్చింది, ఎవరి చేతికిచ్చారు, వాయిదా ఎప్పుడు? తేదీ గుర్తులేదంటే సంక్రాంతికి ముందా తర్వాతా, నాట్లు అయ్యాయా అని అడిగితే దొరుకుతుంది.

ఆ పెద్దావిడ అంతకుముందు రెండు నెలలు లీగల్ ఎయిడ్ ఆఫీసు గడప తొక్కకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఆదాయ సర్టిఫికెట్ లేకపోతే ఉచిత లాయరుని ఇవ్వరని ఎవరో చెప్పారట. 1987 నాటి న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో సంబంధం లేదు. ఈ ఒక్క మాట మీ వీధిలో నలుగురికి తెలిసినా ఎంతో మేలు. 15100 నంబరు కూడా చెప్పండి, టోల్ ఫ్రీ.

విద్యార్థిగా మీరు చేయకూడనివీ ఉన్నాయి. వాదించలేరు, వకాలత్ (ఒకరి తరఫున కేసు నడిపే అధికార పత్రం) వేయలేరు. "కేసు గెలుస్తాం" అని మాటివ్వకూడదు. వాళ్ల కాగితాలు ఫోన్లో ఫొటో తీసి స్నేహితులకి పంపడం మహా తప్పు. ముఖ్యంగా భార్యాభర్తల గొడవల్లో ఊరు పేరు కూడా బయట అనకండి. మన జిల్లాల్లో ఊరు, వీధి చెబితే చాలు, మనిషి ఎవరో తెలిసిపోతుంది.

చేరడం కష్టం కాదు. కాలేజీ ప్రిన్సిపాల్ లెటరు, బోనఫైడ్ తీసుకుని జిల్లా కోర్టు ఆవరణలోని సంస్థ కార్యదర్శి గారికి దరఖాస్తు ఇవ్వండి. ఆయనా జడ్జే కాబట్టి కోర్టు సమయం చూసుకుని వెళ్లండి. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సుకి మొత్తం 12 వారాల ఇంటర్న్‌షిప్ ఉండాలి, ఏ ఏడాదిలోనూ వరసగా నాలుగు వారాలు దాటకూడదు. నాలుగు వారాల్లో సివిల్ కేసు ఒక్క మెట్టు కూడా కదలకపోవచ్చు. అందుకని అది అయ్యాక పారా లీగల్ వాలంటీరుగా (లాయరు కాకపోయినా సంస్థ తరఫున జనానికి న్యాయ సాయం అందేలా చూసే మనిషిగా) అవకాశం ఉందా అని అడగండి. లాయరుగా నమోదయ్యేదాకా లా విద్యార్థులు కూడా అందుకు అర్హులే. మీ చేతిమీదుగా దరఖాస్తు రాసిన ఒక్క కేసునైనా ప్రతి వాయిదాకీ వెళ్లి చూడండి.

నెల్లూరు రావాలా, ఒంగోలులోనే చేయాలా అని కూడా రాశారు. ఒంగోలులోనే చేయండి. అక్కడ ఊళ్ల పేర్లు, బస్సులు, మాట తీరు మీకు తెలుసు. వచ్చినవాళ్లు "మీది ఏ ఊరమ్మా?" అని మిమ్మల్ని ముందు అడుగుతారు. దానికి మీ జవాబు విన్నాకే సంచి ముడి విప్పుతారు.