లంబసింగిలో తీసిన మంచు ఫోటోలు బూడిద రంగులో ఎందుకు వస్తాయి?

కంటికి పాలనురుగులా కనిపించిన మంచు ఫోన్‌లో మాసిన పంచెలా వస్తోందంటే తప్పు మీది కాదు, కెమెరా లెక్కది. ఏ దృశ్యమైనా సగటున మధ్యరకం బూడిద రంగంత వెలుగులో ఉంటుందనుకుని అది ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి ఎంత వెలుగు రానివ్వాలో, సెట్ చేస్తుంది. ఫ్రేమంతా తెలుపే ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. స్క్రీన్ మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త పైకి జరపండి. కెమెరా అయితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఆ వెలుగును మనం పెంచే, తగ్గించే సెట్టింగ్) +0.7 నుంచి +1 దాకా పెట్టి చూడండి.

మంచు ఒక్కటే తీస్తే ఫోటోలో ఏమీ ఉండదు. దగ్గర్లో ముదురు రంగుది ఏదైనా ఉండాలి, చెట్టుకొమ్మో, టీ కొట్టో. టీ గ్లాసు మీది ఆవిరి కనబడాలంటే ఎండ గ్లాసు వెనక నుంచి పడాలి, ఫోటోలో ఆవిరి వెనక కనిపించే భాగం మాత్రం నీడగా ఉండాలి. ఫ్లాష్ మాత్రం వద్దు. కొట్టారో, గాల్లోని నీటి తుంపరలన్నీ తెల్ల చుక్కలై కూర్చుంటాయి.

చలిలో తిరిగిన కెమెరాను వెచ్చటి గదిలోకి తేగానే లెన్స్ మీద చెమ్మ పడుతుంది. బయటే జిప్ కవర్లో పెట్టి మూసేసి, లోపలికెళ్లాక అరగంట ఆగి తీయండి. నేనోసారి తొందరపడి చొక్కా అంచుతో తుడిచాను, ఆ గీతలు ఇంకా ఉన్నాయి.